షీటుకో అమ్మవారు

పాడేరులో మా ఆఫీసుకి కంప్యూటరు ఘాట్‌రోడ్డు మీద జీపులో, రగ్గు కప్పుకుని వచ్చింది. మలుపు మలుపుకీ వాంతి చేసుకుందనీ, డ్రైవరు నిమ్మకాయ వాసన చూపిస్తే గానీ తేరుకోలేదనీ నేను కనబడినవాళ్ళందరికీ చెప్పాను. నా మాటల్లో సగం తీసేసి వినాలని ఆఫీసులో అందరికీ తెలుసు. మిగిలిన సగంలోనూ నీళ్ళు కలుస్తాయి. కానీ ఆ వానాకాలపు ఫైలు సంగతి మాత్రం చిక్కటి పాలు. నీళ్ళు కలిపే ఓపిక కూడా లేకపోయింది నాకు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కొండల్లో కాఫీ వేసుకునే రైతులకి మొక్కలు ఇప్పించడం మా చిన్న ఆఫీసు పని. నేను కంప్యూటరు ఆపరేటర్ని. ఏ గూడెంలో ఎవరికి ఎన్ని మొక్కలు కావాలో ఆ వివరమంతా ఒకే ఫైల్లో ఉండేది. గూడేనికో షీటు, అన్నిటినీ కూడే పెద్ద షీటు చివర్న. దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి మధ్యాహ్నం బస్సులో విశాఖపట్నం పంపాలి. అక్కడివాళ్ళు చూసి నర్సరీకి చెబితే మొక్కలు లారీ ఎక్కుతాయి. ఇంటర్నెట్టు సంగతి అడక్కండి, మా ఫోను లైనుకి చినుకు పడితే జలుబు చేసేది.

ఆ ఫైలు సేవ్ కానంటుంది. కంప్యూటరు లోపల ఎలాగో మూలుగుతూ దాచుకుంటుంది గానీ, ఫ్లాపీ దగ్గరికొచ్చేసరికి సగం మింగి, గొంతుకడ్డం పడినట్టు ఆగి, చోటు లేదని ఒక ముక్క రాసి చూపిస్తుంది. కొత్త ఫ్లాపీ పెట్టాను. దానికీ చోటు లేదు. ఫైలుని ముక్కలు చేస్తే చివరి షీట్లో కూడికలన్నీ తప్పులైపోయాయి. ఈలోగా కరెంటు పోవడం, యూపీఎస్ కుయ్యో మొర్రో అనడం, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టడం. వారం నుంచి ఇదే. ఫైల్లో పేర్లు కాసిని, పొట్ట మాత్రం మేకని మింగిన కొండచిలువంత.

ఆరోజు ఆఖరి గడువు. బస్సుకి ఫైలు అందకపోతే ఈ వానలకి మొక్కల్లేవు, మళ్ళీ ఏడాదే.

కిటికీ అవతల ఒకావిడ గొడుగు పట్టుకుని పొద్దున్నించీ నిలబడి ఉంది. గూడెం కొత్తవీధి దాటి లోపలికెళ్ళే ఊరు ఆవిడది. లోపలికి రమ్మంటే రాదు, కాళ్ళు బురదంటుంది.

“ఓ బాబూ, అయిపోనాదేటి?”

“ఇంకా లేదమ్మా.”

“గోతులు ఎండల్లోనే తవ్వేసినాం. ఇప్పుడు గోతినిండా నీల్లే. మా పిల్లగుంటలు అందులో ఈతలాడతన్నారు. మొక్కలొత్తాయా, సేపలేసుకోమంటావా?”

నవ్వాలనిపించింది గానీ ముఖం కదల్లేదు. వారం నుంచి ఆ తెర చూసీ చూసీ కళ్ళు గవ్వల్లా అయిపోయాయి.

ప్రతి షీటు పైమూలా ఆవగింజంత ఎర్రచుక్క ఉండేది. తెర మీద మురికనుకుని చొక్కా అంచుతో ఎన్నోసార్లు తుడిచాను. ఆరోజు విసుగెత్తి మౌసుతో దానిమీద ఒక్క పోటు పొడిచాను. చుక్క చుట్టూ చిన్న చిన్న గళ్ళు లేచాయి. ఒక గడి పట్టుకుని లాగాను. చుక్క పెరిగింది. ఇంకా లాగాను. తెర నిండా అమ్మవారు! ఎర్రచీర, నిమ్మకాయల దండ, కాళ్ళ కింద ఒక కిరాణా కొట్టువాడి ప్రకటన.

“ఓలమ్మోలమ్మో!” కిటికీ అవతలావిడ గొడుగు వదిలేసి దండం పెట్టింది.

రెండో షీట్లో చూశాను, అక్కడా ఉంది. మూడో దాంట్లోనూ ఉంది. ఒక్కో గూడేనికీ ఒక్కో అమ్మవారు, ఆవగింజలో దాక్కుని కూర్చుంది.

ఎవరి పనో అడగక్కర్లేదు. పొద్దున్నే ఆఫీసు తెరిచి, అగరుబత్తి వెలిగించి, కంప్యూటరు ఆన్ చేసేది మా పెద్ద గుమస్తా. మేమంతా గురువుగారనేవాళ్ళం. విజయనగరం వైపాయన. కొత్త పుస్తకం తీస్తే మొదటి పేజీకి పసుపు రాసి, శ్రీకారం చుట్టి, ఆ తరవాతే కలం పెట్టే మనిషి. షీటంటే కొత్త పుస్తకమే కదా ఆయన లెక్కకి. తెరకి పసుపు రాస్తే నేను అరుస్తానని, కాలెండరు బొమ్మని ఫోటో స్టూడియోలో ఫ్లాపీకెక్కించుకుని, నేను రాకముందే కొత్త షీటుకల్లా ఒకటి అతికించి, నా కంటపడకుండా నలిపి మూలన పెట్టేవాడు. చూడ్డానికి చిన్నదైపోతుందే గానీ, బొమ్మ బరువు బొమ్మకి ఉంటుందని ఆయనకేం తెలుసు?

“గురువుగారూ, ఫైలు బరువంతా అమ్మవారే. తీసెయ్యాలి,” అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “ఆవగింజంత బొమ్మ బరువేటోయ్? మొన్ననే కదా, ఘాటీలో పులి మన జీపెక్కి ముందుసీటు అడిగిందన్నావు?”

“అది వేరండీ. ఇది నిజం.”

“అప్పుడూ ఇదే ముక్కన్నావు.”

“మీమీదొట్టు!”

“నామీదెందుకు? నీమీద వేసుకో. తల్లిమీద చెయ్యేస్తే ఊరుకోను.”

అబద్ధాలు చెప్పినన్నాళ్ళూ టీలు పోయించి మరీ విన్నారు. నిజం చెప్పేసరికి కొనే నాథుడు లేడు. కుర్చీలో జారగిలబడిపోయాను. అవతల స్టాండులో బస్సువాడు హారను మోగిస్తున్నాడు.

కిటికీలోంచి ఆవిడ తల లోపలికి పెట్టింది. “అమ్మోరిని తీత్తే మొక్కలొత్తాయేటి?”

“వస్తాయమ్మా. ఈయన తియ్యనివ్వడు.”

“ఓ ముసిలి బాబూ,” అని ఆయన్ని పిలిచింది. కొండమీద కలెక్టర్నయినా నువ్వనే అంటారు. “మా మెట్టమీదా సెట్టుకో రాయుండీది, అన్నీ అమ్మోర్లే. గోతులు తవ్వాలంటే సోటేదీ? పూజారి పసుపునీల్లు జల్లి, ‘తల్లీ, బిడ్డలు మొక్కలేసుకుంటారంట, లెగు’ అని సెప్పి ఒక్కోరిని ఎత్తుకొచ్చి ఒక్కకాడ కూకోబెట్టినాడు. సెప్పకుండా తీత్తే తప్పు గానీ, సెప్పి తీత్తే తప్పేటున్నాది?”

గురువుగారు లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు.

“నువ్వు లెగు,” అన్నాడు నాతో. “నేనే తీస్తాను.”

అక్కడ మొదలైంది అసలు నరకం. ఆయన ఆవగింజని అలాగే తీసెయ్యడు. లాగి పెద్దది చెయ్యాలి, మొహం కనపడాలి, “తల్లీ, లే అమ్మా” అనాలి, అప్పుడు డిలీట్ మీట వెతుక్కోవాలి. ఎక్కడుందో ప్రతిసారీ నేనే చూపించాలి. బొమ్మ పెద్దదైనప్పుడల్లా కంప్యూటరు నోరు తెరుచుకుని ఉండిపోతుంది.

“బేగి కానీ బాబూ, బస్సు ఎలిపోతాది,” అని కిటికీలోంచి ఆవిడ.

“అమ్మవారితో బేగి పనేటే?” అని లోపల్నించి ఈయన.

నేను స్టాండుకి పరిగెత్తి, ఘాటీలో రాయి పడిందని, దారి తీసేదాకా ఆగమని డ్రైవరుకి చెప్పొచ్చాను. నమ్మాడు. అబద్ధం కదా!

తిరిగొచ్చి మీట చూపిస్తూ పోగా ఒక్క షీటే మిగిలింది. అది ఈ ఆవిడ ఊరిదే. గురువుగారు మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

“ఎత్తాం సరే, ఎక్కడ కూర్చోబెడదాం తల్లిని?”

“మా ఊర్లోనే ఉండనీ,” అంది ఆవిడ.

ఉంచేశాడు. కరెంటు మినుకుమంటుండగా సేవ్ కొట్టాను. ఫ్లాపీ తిరగలి విసిరినట్టు గరగరలాడింది, ఆగింది, మళ్ళీ గరగరలాడింది. ఈసారి తెర మీద తిట్టేమీ రాలేదు.

ఫ్లాపీని ప్లాస్టిక్ కవర్లో చుడుతుంటే ఆవిడ చెయ్యి చాపింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు కాస్త ఎగరేసింది.

“మా ఊరు ఇందులోనే ఉన్నాదా?”

“మీదే కాదు, అందరిదీ.”

“బరువే నేదు.”

మర్నాడు విశాఖపట్నం నుంచి ఫోను. గురువుగారు ఎత్తాడు. ఫైలు తెరుచుకుంది గానీ, ఒక ఊరి షీట్లో మూలన ఎర్రచుక్క ఉంది, ఏదైనా వైరసా అని అడుగుతున్నారట. ఆయన ఫోను అరచేత్తో మూసి నావైపు తిరిగాడు.

“ఏటి చెప్పమంటావోయ్? ఏదో ఒకటి కల్పించు, నీకు అలవాటే కదా!”

బల్లమీద తల వాల్చి ఉన్నాను. ఎంత వెతికినా ఒక్క అబద్ధం తగల్లేదు.

“నిజం చెప్పెయ్యండి,” అన్నాను.

చెప్పాడు, కాలెండరు దగ్గర్నుంచి కిటికీ అవతలావిడ దాకా మొత్తం. అవతల్నించి గరగరలే వచ్చాయి. లైనుకి మళ్ళీ జలుబు చేసిందనుకున్నాను.

“సరే, ఉండనీండి. సోమవారం లారీ పంపుతున్నాం. గోతుల్లో నీళ్ళు తోడించమనండి,” అని ఫోన్లోంచి నాదాకా వినపడింది.