ఇక మందు ఇంతే

1947 చివరి రోజుల్లో నేను నందిగామలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుని. ఆయన రాసిన మందు కలిపి, సీసాలో పోసి, మోతాదులు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం అంటించి, కిటికీలోంచి అందించడం నా పని. కాంపౌండరంటే సగం డాక్టరని జనం అనుకునేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు లెండి.

ఒకరోజు పొద్దున జగ్గయ్యపేట బస్సులో ముగ్గురు వచ్చారు. అక్కడ బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసే కోటయ్యగారు, ఆయన తల్లి శేషమ్మగారు, భార్య సుభద్రమ్మ. సుభద్రమ్మకి నిండా ముప్ఫై కూడా ఉండవు. మొహం ఉబ్బిపోయింది, కనుబొమలు చివర్లలో రాలిపోయాయి, మంచి ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది.

"ఇల్లంతా ఒంటిచేత్తో చక్కబెట్టే పిల్లండీ ఇది. ఇప్పుడు కూర్చున్నచోటే కునుకు" అన్నారు శేషమ్మగారు. "ఊళ్ళో ఒంటికి నీరు పట్టిందన్నారు. ఉప్పు మానిపించాం. ఆ చప్పిడి తిండి తిని ఇంకా నీరసపడిపోయింది."

డాక్టరుగారు సుభద్రమ్మనే అడిగారు. "నీకేం బాధమ్మా?"

"నా గొంతండి" అందామె. అది బొంగురుపోయిన మగగొంతులా ఉంది. "మా చిన్నది నేను పిలిస్తే పలకట్లేదండీ. ఎవరో పిలుస్తున్నారని దిక్కులు చూస్తంది. నా గొంతు నాకిప్పించండి చాలు."

డాక్టరుగారు ఆవిడ చర్మం నొక్కి చూశారు. గుంట పడలేదు. నీరు పడితే వేలు పెట్టినచోట గుంట పడాలి. "ఇది మిక్సెడిమా" అన్నారు నాతో. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది, ఒంటికి చురుకునిచ్చేది అదే. అది పనిచెయ్యడం మానేస్తే మనిషి పొయ్యి ఆరినట్టు చల్లబడిపోతుంది. దానికి మందు, గొర్రె మెడలోని అదే గ్రంథిని ఎండబెట్టి పొడి చేసి కట్టిన బిళ్ళ.

వాళ్ళది కోడిగుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. అయినా డాక్టరుగారు దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఇక లేచి వెళ్ళిపోతారనుకున్నాను నేను. శేషమ్మగారు కోడలి దుప్పటి సర్ది, "మందుకి మడేంటండీ. పిల్ల లేచి తిరిగితే చాలు, ఆ పాపమేదో నేను మోస్తా" అన్నారు. ఆ మాటకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

మందు కుదరడానికి మాత్రం నానా తంటాలు పడ్డాం. బెజవాడ నుంచి మొదట తెప్పించినవి ఎప్పటి సరుకో ఏమో, సుద్దముక్కలు మింగినట్టే అయింది. తరవాత ఇంకో కంపెనీవి తెప్పిస్తే గుండె దడదడా కొట్టుకుని, చేతులు వణికి, రాత్రిళ్ళు నిద్రలేదు. కోటయ్యగారు హడలిపోయారు. అప్పట్లో మందు గ్రెయిన్లలో తూచేవాళ్ళం, చాలా చిన్న తూకం అది. అయితే ఒక కంపెనీ గ్రెయిను బలం ఇంకో కంపెనీ గ్రెయినుకి ఉండేది కాదు. చివరికి మూడో రకం తెప్పించి, బిళ్ళని సగం చేసి మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయాం.

ఎండలు ముదిరేసరికి బస్సులోంచి ఎవరో గలగలా మాట్లాడుతూ దిగారు. చూద్దును కదా, సుభద్రమ్మ! దుప్పటి లేదు, మొహంలో ఉబ్బు లేదు. సరాసరి నా కిటికీ దగ్గరికొచ్చి, "ఏవండీ కాంపౌండరుగారూ, అందరికీ ఆ ఎర్రమందే పోస్తారే, దానివల్ల ఎవరికైనా తగ్గిందా అసలు?" అంది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నాకు ఉక్రోషం రావాల్సింది, ఆ గొంతు విని కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

డాక్టరుగారు నాడి చూసి తృప్తిగా తలూపారు. "కుదిరిందయ్యా కోటయ్యా. ఇక మందు ఇంతే."

"ఇంతేనాండి?" అన్నారు కోటయ్యగారు, రెండు చేతులూ జోడించి.

"ఇంతే."

నేను పెద్ద సీసా నిండా బిళ్ళలు పోసి ఇచ్చాను. జగ్గయ్యపేట దాటితే నైజాం సరిహద్దు, ఆ అవతల గొడవలు ముదురుతున్నాయి, బస్సులు ఎప్పుడు తిరుగుతాయో తెలియదు, అందుకని ఎక్కువే ఇమ్మన్నారు డాక్టరుగారు. వాళ్ళు సంబరంగా బస్సెక్కారు.

ఆ తరవాత వాళ్ళ జాడ లేదు. జగ్గయ్యపేట అంతా అవతలి నుంచి పారిపోయి వచ్చిన జనంతోనూ పోలీసులతోనూ నిండిపోయిందని వినేవాళ్ళం. ఈ గందరగోళంలో ఎక్కడ రాగలరు, చేతిలో బిళ్ళలున్నాయి కదా అనుకున్నాం. గొడవలు సద్దుమణిగాక కూడా రాలేదు. బాగుండబట్టే రాలేదనుకున్నాం.

ఆ ఏడాది ధనుర్మాసపు చలిలో ఒక అద్దె కారు మా వరండా ముందు ఆగింది. కోటయ్యగారు భార్యని రెండు చేతులమీద ఎత్తుకుని దిగారు. వెనకాలే శేషమ్మగారు, ఆవిడ కొంగు పట్టుకుని చిన్నపిల్ల. సుభద్రమ్మ మొహం మళ్ళీ మొదటి రోజులాగే ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది.

"మందు ఎప్పుడు మానేశారు?" అని అరిచారు డాక్టరుగారు. ఆయన అరవగా నేను వినడం అదే మొదటిసారి.

కోటయ్యగారు తెల్లబోయారు. "మీరేగా అండీ ఇక మందు ఇంతే అన్నారు! అయిపోయిందనే అనుకున్నాం."

ఇంతే అంటే ఇక పెంచక్కర్లేదు, ఈ మోతాదే ఎప్పటికీ అని డాక్టరుగారి ఉద్దేశం. ఇంతటితో సరి అని వాళ్ళకి అర్థమైంది. రెండూ తెలుగే. ఎవరిని తప్పుపట్టను?

ఇంటికెళ్ళగానే శేషమ్మగారు కోడలికి తలంటి పోసి, పథ్యం విడిపించి, పప్పూ పరమాన్నం చేసి అయినవాళ్ళందరికీ భోజనాలు పెట్టారట. జబ్బు తిరగబెడితే పనికొస్తాయని ఇచ్చామనుకుని, ఆ బిళ్ళల సీసాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టారట. చలి మొదలయ్యాక సుభద్రమ్మ మళ్ళీ మందగిస్తుంటే ముందు చలి బద్ధకమనుకున్నారు. దగ్గు, మగత పట్టుకున్నాక ఆ సీసా గుర్తొచ్చింది.

"తియ్యబోయి ఆగిపోయానండీ" అన్నారు శేషమ్మగారు. "దేవుడికి అప్పజెప్పిన మందు మళ్ళీ కిందికి దించితే పోయిన జబ్బుని పేరుపెట్టి పిలిచినట్టేనని భయమేసింది. ఎంత పని చేశానో!"

కంబళ్ళు కప్పాం. మా దగ్గరున్న బిళ్ళలు నూరి నీళ్ళల్లో కలిపి చెంచాతో పోశాం. మింగలేకపోయింది. ఆ రోజుల్లో ఆ మందుకి ఇంజక్షను మా దగ్గర ఎక్కడిది?

మధ్యాహ్నం ఒక్కసారి కళ్ళు తెరిచి, "తల్లీ, ఇట్రా" అంది కూతుర్ని చూసి. మళ్ళీ అదే బొంగురు గొంతు. పిల్ల నాయనమ్మ కొంగు వదల్లేదు. ఎవరు పిలిచారా అని గుమ్మం వైపు చూసింది. సుభద్రమ్మ అది చూసింది. ఇంకోసారి పిలవలేదు. దీపాల వేళ కాకముందే పోయింది.

ఆ తరవాత నా ఉద్యోగం చాలా ఏళ్ళు సాగింది. మందు ఇచ్చిన ప్రతివాళ్ళనీ, "ఎప్పటిదాకా వేసుకుంటారో నాకు చెప్పి కదలండి" అని నిలబెట్టేవాణ్ణి. చాదస్తపు ముసలాడని విసుక్కునేవాళ్ళు, బస్సు పోతోందని తిట్టేవాళ్ళు. తిట్టనీ. మనం ఏం చెప్పామన్నది కాదు, వాళ్ళు ఏం పట్టుకెళ్ళారన్నదే మందు. అది నాకు సుభద్రమ్మ ప్రాణం పోయాక తెలిసింది.

మందు తీసుకుని "ఇంతేనాండి?" అని అడగడం మనవాళ్ళ అలవాటు. ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు గుమ్మం వైపు చూస్తున్న ఆ పిల్లే కనిపిస్తుంది. "ఇంతే" అని మాత్రం నేను మళ్ళీ ఎవరితోనూ అనలేదు.