లేని వార్త చదివాను

ఒక మనిషి బతికినంతకాలం నన్ను పొగిడాడు. ఆ పొగడ్త ఇన్నేళ్ళుగా నా నెత్తిన ఉంది. తిట్లయితే దులుపుకునేవాణ్ణి, మా ఇంట్లో ఆ విద్య అందరికీ వచ్చు. పొగడ్త దులిపితే పోదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ముందు ఆమె తండ్రిని అన్నట్టవుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదని ముందే అనేస్తున్నాను.

వడ్డీలు పెరుగుతాయా తగ్గుతాయా అని జోస్యం చెప్పేవాళ్ళంటే నాకు రోత. ఇప్పుడు టీవీల్లో కోట్లు వేసుకుని చెబుతున్నారు. డెబ్బైల్లో తిరువూరు బజారులో నేను పంచె కట్టుకుని చెప్పేవాణ్ణి. వాళ్ళకైనా ఏమన్నా తెలుసేమో. నాకు మాత్రం ఏమీ తెలియదు.

బెజవాడలో బీకాం చదివి వచ్చి ఊరికే కూర్చున్న రోజులవి. మా మేనమామకు బస్టాండు ఎదురుగా మిరపకాయల కమీషను కొట్టు ఉండేది. చుట్టుపక్కల రైతులు ఆయన ద్వారానే పంట అమ్ముకునేవారు. విత్తనాలకూ ఎరువులకూ ఆయన దగ్గరే అప్పు చేసేవారు. నన్ను లెక్కలు చూడమని గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టాడు. ఆ వీధిలో ఇంగ్లీషు పేపరు వచ్చేది మా కొట్టుకే. పొద్దున్నే బెజవాడ బస్సులో దిగేది. మావయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అది హోదా కోసం తెప్పించుకునేవాడు. నేను చదివి తెలుగులో చెబుతుంటే అరుగు మీద రైతులు బీడీలు ఆర్పేసి మరీ వినేవారు.

ఒకసారి నిజంగానే వార్త వచ్చింది. బొంబాయిలో బ్యాంకులు వడ్డీ పెంచాయని. ఉన్నది ఉన్నట్టే చదివాను. ఆ పూటే మావయ్య వందకు నెలకు రూపాయిన్నర ఉన్న వడ్డీని రెండు రూపాయలు చేశాడు. ఎవరూ నోరెత్తలేదు. బొంబాయిలోనే పెరిగిందంట, ఈయన మాత్రం ఏం చేస్తాడు అనుకున్నారు. బొంబాయి బ్యాంకులకూ మా మావయ్య ఇనప్పెట్టెకూ ఏమిటి సంబంధం? అరుగు మీద ఒక్కడూ అడగలేదు. బీకాం చదివిన నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ మావయ్య, "నేను పెంచానంటే తిడతార్రా. పేపరు పెంచిందంటే దణ్ణం పెడతారు," అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వుతోనే ఆయనకు నా సంగతి అర్థమై ఉంటుంది.

మరుసటేడు తొలకరికి పేపర్లో వడ్డీల ఊసే లేదు. అరుగు మాత్రం నిండిపోయింది. మావయ్య నా వైపు చూశాడు, అంతే. నేను పేపరు విప్పి, గొంతు సవరించుకుని, ఈ ఏడు వడ్డీలు ఇంకా పెరుగుతాయని రాశారని చదివాను. చదువుతుంటే గొంతు వణకలేదు. అది కూడా చెప్పాలి కదా.

తర్వాత అది అలవాటైంది. అప్పులిచ్చే పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. పెద్దపెద్ద మీసాలవాళ్ళు, నా తండ్రి కన్నా పెద్దవాళ్ళు, "ఈ వేసవికి వడ్డీల వాలకం ఎలా ఉంటుందోయ్?" అని నన్ను అడిగేవారు. నేను ఆకాశం వంక చూసి, ఆ తర్వాత మావయ్య మొహం వంక చూసి చెప్పేవాణ్ణి. చెప్పిందల్లా జరిగేది. జరగకేం? వినేవాళ్ళే పెంచేవాళ్ళు. ఈ చిన్న సంగతి బజారులో ఎవరికీ తట్టలేదు. కుర్రాడి నోట్లో సరస్వతి ఉందన్నారు. కొన్నాళ్ళకు నాకే నమ్మకం కలిగింది, నిజంగానే ఏదో తెలుసేమోనని. మూర్ఖుల మధ్య కూర్చుంటే మూర్ఖత్వం కూడా పాండిత్యంలాగే కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఊళ్ళో సర్కారు బ్యాంకు తెరిచారు. గుమస్తా ఉద్యోగానికి నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. అక్కడెవరో పెద్దమనిషి వడ్డీ రేట్లు ఎందుకు పెరుగుతాయో చెప్పమన్నాడు. బజారంతటికీ జోస్యం చెప్పే నేను నీళ్ళు నమిలాను. ఉద్యోగం రాలేదు. ఆ బ్యాంకు బోర్డు కనిపిస్తే చాలు, కడుపులో మండేది.

ఇంతవరకూ చెప్పినదానికి మావయ్యను అడ్డం పెట్టుకోవచ్చు. ఆయన ఉప్పు తిన్నాను, ఆయన పాట పాడాను అనొచ్చు. కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు.

దగ్గర్లోని పెనుగొలను ఊళ్ళో యేసోబు అని ఉండేవాడు. అతని తండ్రి ఎక్కడో మిషను ఆసుపత్రిలో వంట చేసి, దాచిపెట్టి కొన్న రెండెకరాలు అతని ఆస్తి. వాళ్ళ పేటలో సొంత పొలం ఉన్నది ఆ ఇంటికే. అందుకే అతను నడిచేటప్పుడు కాస్త నిటారుగా నడిచేవాడు. అది కూడా మా బజారులో కొందరికి కంటగింపుగా ఉండేది. నాకు ఉండేది కాదని చెబుదామనుకున్నాను. ఉండేది. పొలంలో బావి తవ్వుకున్నాడు, నీళ్ళు పడ్డాయి. మోటారు ఒక్కటే కావాలి.

ఆ రోజు మావయ్య కొట్లో లేడు, బెజవాడ వెళ్ళాడు. అరుగు మీద కూడా ఎవరూ లేరు. యేసోబు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. నా తండ్రి వయసువాడు. కూర్చోమని నేను అనలేదు.

"చినబాబు గారూ, బ్యాంకోళ్ళు జీపేసుకొచ్చి నా బావి చూసి ఎళ్ళారండి. మోటారుకి డబ్బులిస్తామన్నారు. వడ్డీ ముప్పావలానే పడుద్దంట," అన్నాడు.

"మంచిదేగా. ఇంకేంటి?" అన్నాను.

"సోమారం పొలం కాయితాలు తెచ్చి సంతకం పెట్టమన్నారండి. అదే కాళ్ళాడట్లేదు. ఈ ముప్పావలా ఇట్టాగే ఉంటదాండి, రేపు పెరుగుద్దాండి? పేపర్లో ఏమన్నా రాశాడేమో చూసి చెబుతారని వచ్చాను."

పేపరు నా ఒళ్ళోనే ఉంది. వ్యాపారం పేజీ తీశాను. అందులో కలకత్తాలో తేయాకు వేలం ధరలున్నాయి. ఆ అంకెల కింద వేలు పెట్టి చదివాను. వచ్చే ఏటి నుంచి బ్యాంకు వడ్డీలు ఆర్నెల్లకోసారి పెరుగుతాయని రాశాడన్నాను. కట్టలేనివాళ్ళ పొలంతో పాటు ఇల్లు కూడా, కోర్టు లేకుండానే వేలం వేస్తారని రాశాడన్నాను. యేసోబు నా వేలు వంకే చూస్తున్నాడు.

"మాలాటోళ్ళ గురించే రాశాడాండి?"

"చిన్న రైతుల గురించే రాశాడు."

"మరి మావయ్య గారి దగ్గరైతే రెండు రూపాయలు కదండి?"

"రెండంటే రెండే. పెరగదు. మనిషి మొహం చూసి ఇచ్చే డబ్బు అది. బ్యాంకుకు మొహం ఏముంది యేసోబూ?"

"అదీ నిజమేలెండి," అన్నాడు. తలపాగా తీసి నాకు దణ్ణం పెట్టాడు. "తండ్రిలాగా చెప్పారు," అని వెళ్ళిపోయాడు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. మావయ్య అడగలేదు. ఆయన లేనే లేడు. ఆయన కూతుర్ని చేసుకోవాలని ఉంది కాబట్టి ఆయన మెప్పు కోసం చేశానా? కొంత. నాకు ఉద్యోగం ఇవ్వని బ్యాంకు, జీపు వేసుకుని వెళ్ళి యేసోబు బావిలోకి తొంగిచూసిందన్న కడుపుమంటా? అది ఇంకొంచెం ఎక్కువ. అతను నిటారుగా నడుస్తాడనా? రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ, అదీ ఉంది. ఇవన్నీ కాక మరొకటి ఉంది, అన్నిటికన్నా నీచమైనది. అబద్ధం చెప్పడం నాకు బాగా వచ్చు, ఎదురుగా నమ్మే మనిషి ఉన్నాడు. వంటవాడికి ఆకలిగా ఉన్నవాడు దొరికినట్టు. అంతకన్నా కారణం అక్కర్లేకపోయింది.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. యేసోబు సోమవారం బ్యాంకుకు వెళ్ళలేదు, మా కొట్టుకు వచ్చాడు. మావయ్య మొదటి ఆర్నెల్ల వడ్డీ ముందే పట్టుకుని మిగతాది ఇచ్చాడు. పంట మా కొట్టుకే తేవాలన్నాడు. మోటారు ఆడింది. మొదటేడు మిరప బాగా పండింది. తర్వాత ధర పడిపోయింది, ఆ పైఏడు తెగులు వచ్చింది. కట్టలేని వడ్డీని అసలులో కలిపి మావయ్య కొత్త ప్రోనోటు రాయించాడు, ఆ కొత్త నోటు మీద మళ్ళీ వడ్డీ. ఆ లెక్కలు చూసింది నేనే. చివరికి రెండెకరాలూ బావీ మోటారూ కలిపి మావయ్య పేర రిజిస్ట్రీ అయ్యాయి. ఇల్లు మాత్రం యేసోబుకు మిగిలింది.

పెనుగొలనులోనే ఇంకో ఇద్దరు చిన్న రైతులు ఆ బ్యాంకులో మోటారు అప్పు తీసుకున్నారు. వాళ్ళకూ పంట పోయింది. వాళ్ళూ బాకీ పడ్డారు. బ్యాంకు వాళ్ళకు గడువిచ్చింది. వాళ్ళ వడ్డీ రెండు రూపాయల దరిదాపులకు కూడా పోలేదు. వాళ్ళ పొలాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

నా పెళ్ళప్పుడు మావయ్య ఆ రెండెకరాలు కూతురికి పసుపు కుంకుమ కింద రాశాడు. మామిడి వేశాం. కాపలాకు మనిషి కావాలంటే యేసోబే వచ్చి అడిగాడు. ఆ పని ఇచ్చాను. దయగల మనిషినని ఊళ్ళో అన్నారు. ఈ ఊరి మెప్పు అంటే నాకు అప్పటి నుంచే అసహ్యం. కానీ కాదని మాత్రం ఏ రోజూ అనలేదు.

అసలు బరువు అక్కడ మొదలైంది. తోటలోకి వచ్చినవాళ్ళందరికీ యేసోబు చెప్పేవాడు, బ్యాంకుకు పోయుంటే ఇల్లు కూడా పోయేదని, చినబాబు గారు పేపరు చూసి ముందే చెప్పబట్టి పిల్లలకు నీడ మిగిలిందని. నా ముందు చెప్పేవాడు, నా పిల్లలకు చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి చెట్ల వంక చూసేవాణ్ణి. తన ఊళ్ళో ఆ ఇద్దరి పొలాలూ రోజూ కళ్ళ ముందు కనపడుతూనే ఉన్నాయి కదా, ఈ మనిషికి అనుమానం రాలేదా? తెలిసే అంటున్నాడా, నన్ను కాల్చడానికి? ఒక్కోసారి అలాగే అయితే బాగుండుననిపించేది. కనీసం ఒక్కడైనా నన్ను సరిగ్గా చూశాడన్నమాట. కానీ అతని కళ్ళలో అలాంటిదేమీ ఎప్పుడూ కనపడలేదు. నమ్మాడు, అంతే. ఆ నమ్మకాన్ని చూసి నాకు ఒక్కోసారి కోపం కూడా వచ్చేది. ఎంత సిగ్గులేనివాడినో చూడండి.

యేసోబు పోయాడు. జ్ఞాపకార్థ కూడికకు పాస్టరు గారు నన్ను పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. యేసోబు మంచివాడన్నాను, నమ్మకస్తుడన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. భోజనం పెడితే తిన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అతని భార్య కరుణమ్మ మా ఇంటికి వచ్చింది. మేకలు అమ్మిన డబ్బు కొంగున కట్టుకుని ఉంది. వడ్డీకి తిప్పమంటారా, ఏం చేయమంటారని అడిగింది. నాకు తెలియదన్నాను. "మీకు తెలియకపోడమేంటండీ," అని నవ్వింది. నేను చెప్పేదాకా కదలనన్నట్టు గుమ్మం దగ్గరే కూర్చుంది.

"బ్యాంకులో వేసుకో కరుణమ్మా," అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "బ్యాంకులోనాండీ? అప్పుడు మా ఆయన్ని వద్దన్నారు గదండీ?"

అదుగో, అప్పుడు చెప్పొచ్చు. తలుపు తీసే ఉంది, ఇంట్లో ఎవరూ లేరు, అడగవలసిన మనిషి అడగవలసిన మాట అడిగింది. నోరు తెరిచాను. "అప్పటి రోజులు వేరు," అన్నాను. ఆమె తల ఊపింది. మీరు చెబితే సరేనండి అని కొంగు సర్దుకుని లేచింది.

అప్పటి రోజులు వేరు కాదు. పేపర్లో వడ్డీ గురించి ఒక్క అక్షరం లేదు. మీ పొలం పోగొట్టింది నేను. ఈ మాట కరుణమ్మతో అనవలసింది, మీతో అంటున్నాను. రాశాక గుండెలో కాస్త తేలిగ్గా ఉంది. అలా ఉన్నందుకు నా మీద నాకు ఇంకాస్త అసహ్యం కూడా వేస్తోంది. తోట తిరిగి ఇచ్చేస్తానని రాస్తే మీకు బాగుంటుందని తెలుసు. ఈ ఏటి కాపు నిన్ననే గుత్తకు ఇచ్చాను, బయానా కూడా తీసుకున్నాను.