పదమూడో ఆటగాడి కోసం

మొన్న గురువారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్ళిపోయారు నాయనా" అన్నారు. వెంటనే ఫోన్ పెట్టేశారు. చలికాలమంతా ఆయన గుండెజబ్బుతో మంచం మీదే ఉన్నారు. ఈ కబురు వస్తుందని తెలుసు. తెలిసినందువల్ల బాధేమీ తగ్గలేదు.

మేమంతా ఆయన్ని కోచ్ అంకుల్ అనేవాళ్ళం. బాపట్ల దగ్గర కబడ్డీ ఆడుతూ పెరిగిన మనిషి. కుర్రతనంలో ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఊళ్ళో బస్సు నడిపే పని దొరికి, అక్కడి డ్రైవర్ల దగ్గర రగ్బీ లీగ్ నేర్చుకున్నారు. తర్వాత కెనడా వచ్చి మిల్టన్‌లో స్థిరపడ్డాక, మగపిల్లలకో జట్టు, ఆడపిల్లలకో జట్టు పెట్టారు.

నేను చదువుకోవడానికి వచ్చిన తొలి వేసవిలో తెలుగువాళ్ళ పిక్నిక్‌లో కబడ్డీ ఆడుతుంటే చూసి దగ్గరికొచ్చారు.

"ఏ ఊరు అబ్బాయ్?"

"వరంగల్ అంకుల్."

"పట్టు బాగుంది. ఆదివారం గ్రౌండ్‌కి రా."

"నాకు రగ్బీ రాదంకుల్."

"కబడ్డీ వచ్చినోడికి సగం వచ్చినట్టే. మిగతా సగం బంతి."

రగ్బీలో రెండు రకాలున్నాయని నాకు చెప్పింది ఆయనే. యూనియన్‌లో జట్టుకి పదిహేనుమంది. కిందపడ్డ బంతి కోసం రెండు జట్లూ మీదపడి తోసుకుంటాయి. లీగ్‌లో పదమూడుమందే. పట్టుబడ్డవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట సాగిస్తాడు. "ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి మనది. తర్వాత వాళ్ళకిచ్చెయ్యాలి, ఏడవకుండా ఇచ్చెయ్యాలి" అనేవారు.

హాకీ తప్ప మరొకటి పట్టని ఈ దేశంలో ఆడేవాళ్ళే కొద్దిమంది. ఆ కొద్దిమంది కోసమే రెండు ఆటలకూ పోటీ. యూనియన్‌కి బడుల్లో జట్లున్నాయి, యూనివర్సిటీల్లో జట్లున్నాయి, ఒలింపిక్స్ ఉంది. మాకు ఆదివారం మధ్యాహ్నం నగరపాలక సంస్థ ఇచ్చే మైదానం ఉంది. యూనియన్ క్లబ్ కోచ్ ఒకాయన మా ఆట చూడ్డానికి గట్టు మీద నిలబడితే చాలు, మరుసటి సీజన్‌కి మాలో ఎవరో ఒకరు ఉండరని అర్థం.

"మన పిల్లల్ని లాక్కుపోతుంటే అలా చూస్తూ కూర్చుంటారేంటండీ?" అని ఆంటీ ఒకసారి నా ముందే అడిగారు.

"నా దగ్గరుంటే వాళ్ళకేమొస్తుంది, చెప్పు?" అన్నారాయన.

ఆఖరికి ఆయన మనవరాలే వెళ్ళింది. ఆడపిల్లల జట్టులో అంత వేగంగా పరిగెత్తేవాళ్ళు మరొకరు లేరు. మాంట్రియల్‌లో ఒక యూనివర్సిటీ యూనియన్ జట్టుకి రమ్మంది. "తాతా, ఐ వాంట్ టు గో" అంది, ఆయన మొహం చూడకుండా.

"వెళ్ళమ్మా. ఆడేవాళ్ళు ఎక్కడైనా ఆడాలి గానీ ఇంట్లో కూర్చోకూడదు" అన్నారు.

ఆమె మొదటి మ్యాచ్‌కి ఆయన్ని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. పిల్ల మైదానం అంచున నిలబడి ఉంది. మధ్యలో వాళ్ళంతా తోసుకుంటున్నారు. బంతి ఆమెదాకా రావడం లేదు. చాలాసేపు చూసి, పక్కవాళ్ళకి అర్థం కాదన్న ధైర్యంతో కాబోలు, గట్టిగానే అన్నారు: "దానికియ్యండమ్మా బంతి!"

ఆమె వెళ్ళాక ఆడపిల్లల జట్టు నిలవలేదు. మరుసటి ఏడు మాదీ అంతే. చివరి మ్యాచ్‌కి మేం తొమ్మిదిమందిమే వచ్చాం. ఎదుటి కోచ్ దగ్గరికి వెళ్ళి ఇద్దరు ముగ్గుర్ని ఇటు పంపమని అడిగారు అంకుల్. వాళ్ళూ సరిపడా లేరు. తొమ్మిదిమందితో తొమ్మిదిమంది ఆడాం. అయిపోయాక గీతల చివర పాతిన జెండాలు ఒక్కొక్కటే ఆయనే పీక్కుంటూ వచ్చారు.

"వచ్చే ఆదివారం ఉందా అంకుల్?"

"చూద్దాంరా."

ఆ తర్వాత ఆయన నుంచి ఆట గురించి మెసేజ్ రాలేదు. చూడ్డానికి వెళ్తే ఉద్యోగం గురించి, ఇక్కడే స్థిరపడేందుకు పెట్టుకున్న పీఆర్ గురించి అడిగేవారు. మంచం పక్క కిటికీకేసి తిరిగి ఉండేవారు. ఆట మాట నేను ఎత్తితే "వదిలెయ్ రా" అనేవారు.

శనివారం అంత్యక్రియలకి నేననుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. ఆయన దగ్గర పరిగెత్తడం నేర్చుకున్నవాళ్ళంతా ఉన్నారు. సగంమంది ఒంటి మీద యూనియన్ క్లబ్ జాకెట్లే; మధ్యాహ్నం వాళ్ళకి మ్యాచ్ ఉంది. శవపేటిక మోయడానికి ఇంతమంది అక్కర్లేదని అక్కడి ఉద్యోగి మర్యాదగా చెప్పి కొందరిని పక్కకి జరగమన్నాడు.

అంతా అయ్యాక వాన మొదలైంది. మనవరాలు నా పక్కన వచ్చి నిలబడింది.

"విల్ దేర్ బీ ఎ టీమ్ నెక్స్ట్ ఇయర్, అన్నా?"

"ఉండదమ్మా."

ఆమె తల ఊపింది. కార్లు ఒకదాని వెనక ఒకటి మ్యాచ్‌కి బయల్దేరాయి. ఒక కారు వెనక తలుపు సందులో కిట్ బ్యాగ్ పట్టీ ఇరుక్కుని బయటికి వేలాడుతోంది. పిలిచినా వినిపించనంత దూరం వెళ్ళిపోయింది. తడి రోడ్డు మీద ఆ పట్టీ ఈడ్చుకుంటూ, ఎగిరి పడుతూ, కారు మలుపు తిరిగేదాకా మాకు కనిపిస్తూనే ఉంది.