చేతులు కట్టుకుని భయపడమన్న మేడం

ఆదోని నుంచి మేడం తమ్ముడు ఫోన్ చేసి, "మా అక్క పోయిందమ్మా" అన్నాడు. పోయిన బుధవారం మధ్యాహ్నం సంగతి. నేను ఎమ్మిగనూరులో, మా ఇంట్లో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. అది ఇంకా పోలేదు, ఈ నాలుగు మాటలూ దానితోనే రాస్తున్నాను.

పెళ్లికి ముందు ఆదోనిలో ఒక చిన్న సెంటర్‌లో ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నాను. పెళ్లయ్యాక బెంగళూరు కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచే పని. అక్కడ ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌ను నెట్ ద్వారా నా లాప్‌టాప్ తెర మీదకు తెచ్చుకుని చేయాలి. నెట్ తెగితే తెర బిగుసుకుపోతుంది, దానితోపాటు నేనూ. ఇలాగే తెగుతుంటే బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి, లేదంటే మానుకోవాలి అని మేనేజర్ చెప్పేశాడు. మా ఆయన గుడిలో పూజ చేస్తారు. ఆయన గుడి వదిలి రాలేరు, నా జీతం లేకుండా ఇల్లు నడవదు.

తెర బిగుసుకున్నప్పుడల్లా కనపడిన బటనల్లా నొక్కేసి, ఉన్నది కాస్తా చెడగొట్టుకునేదాన్ని. మేడంకు ఫోన్ చేస్తే ముందు ఫ్యాను చప్పుడు వినపడేది, తర్వాత టీ గుటక, ఆ తర్వాతే ఆమె గొంతు.

"బయపడొద్దని సెప్పను. బయపడు. కానీ చేతులు కట్టుకోని బయపడు. తెర పోతే పని పోదు. ఆ పక్క మిషన్‌లో అంతా నువ్వు ఇడిసినట్లే ఉంటాది. నిమ్మళంగా మళ్లీ లోపలికి పో."

మీకు భయం ఉండదా మేడం అని ఒకసారి అడిగాను.

"ఎందుకుండదు? మీకు పరీక్ష పెట్టినప్పుడు కరెంటు పోయింది చూడు, ఆ దినం నాకు కాళ్లు ఆడలేదు. మీకు తెలీకుండా టేబుల్ పట్టుకోని నిలబడినా."

మాకు ఆ రోజు ఆమె నవ్వుతూ నిలబడినట్టే గుర్తు.

అయినా నెట్ తెగడం ఆగలేదు. రోజూ పొద్దున నేను పనిలో కూర్చున్న కాసేపటికే పోయేది. నెట్ కనెక్షన్ ఇచ్చినతను వచ్చి వైరు మార్చిపోయాడు. కంపెనీవాళ్లు తప్పు మీ ఇంట్లోనే ఉందన్నారు. మేడం మాత్రం వేరేగా అడిగారు.

"తెగిన దినాలు నాకొద్దు. తెగని దినం ఏదో సెప్పు."

ఆలోచించి గురువారం అన్నాను.

"గురువారం మీ ఇంట్లో ఏం మారుతాది?"

"మా అత్తమ్మ తెల్లారకముందే మంత్రాలయం పోతారు మేడం."

టీ గుటక వినపడింది. "ఈ మాట మీ అత్త ఇనేటట్లు అనొద్దు తల్లీ," అని నవ్వి, "రేపు తెర చూడొద్దు. నెట్ డబ్బా చూడు" అన్నారు.

చూశాను. అత్తమ్మ స్నానం చేసి వచ్చి, పైనున్న దండెం మీది ఆరిన మడి చీరను కర్రతో తీసి, తడిది ఆరేస్తున్నారు. పిల్లలకు అందకూడదని రౌటర్‌ను ఆ దండెం పక్కనే గోడకు కొట్టించాం. కర్ర కొస దాని కరెంటు పిన్నుకు తగిలింది. లైట్లు ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. వంట, నైవేద్యం అయ్యేదాకా మడి బట్టలకు తగులుతామని మేమెవరం అటువైపు పోము. పోయి చూసేసరికి డబ్బా ఏమీ ఎరగనట్టు వెలుగుతూ ఉండేది.

ఇప్పుడు అత్తమ్మకు ఈ సంగతి చెప్పాలంటే కలిగే భయం ముందు మేనేజర్ భయం ఏపాటి?

"పెద్దామెకు ఏం సెప్పే పనీ లేదు," అన్నారు మేడం. "దండెం జోలికి పోవద్దు. డబ్బా జరుపు."

సాయంత్రమే జరిపించాను. ఉద్యోగం నిలిచింది. ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే అది ఆమె చలవే.

ఆ తర్వాత చిన్నచిన్న ఇబ్బందులు వస్తే, ఆమే ఆదోని నుంచి నా లాప్‌టాప్‌లోకి వచ్చి సరిచేసేవారు. ముందు తెర మీద ఆఫీసు కంప్యూటర్ విండో మూయించేవారు. "ఆ ఇంట్లోకి నన్ను పిలిసే అధికారం నీకు లేదు" అనేవారు. లోపలికి వచ్చాక ఫోన్ పెట్టేసేవారు, మాటా పనీ ఒకేసారి తన వల్ల కాదని. ఇక తెర మీద బాణం గుర్తు తనంతట తాను నడిచేది. ప్రతి అక్షరం చదివిగానీ నొక్కేది కాదు.

ఆ బుధవారం కూడా వచ్చారు. సెట్టింగులు తెరుచుకున్నాయి. బాణం ఒక గడి వైపు మెల్లగా పోయి, కొంచెం ఇవతలే ఆగింది. చదువుతున్నారనుకున్నాను. తర్వాత నెట్ తెగిందనుకున్నాను. లేచి పోయి డబ్బా చూస్తే లైట్లన్నీ ఉన్నాయి. తెర కింద కనెక్ట్ అయి ఉన్నట్టే చూపిస్తోంది. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అంగడిలో ఉన్న వాళ్ల తమ్ముడికి చేస్తే, ఆయన ఇంటికి పరుగెత్తాడు.

ఆయన ఫోన్ వచ్చాక కూడా బాణం అక్కడే ఉంది. నేను మౌస్ తాకితే అది కదిలిపోతుంది. నాకు చెయ్యి రాలేదు. సాయంత్రం దాకా అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నెట్ ఒక్కసారి కూడా తెగలేదు.