కర్ర తగిలిన ఆదివారం

నా చిన్నప్పుడు మా విజయవాడ వన్ టౌన్ పిల్లలందరమూ జూన్ నెలలోనే పుట్టాం. అమ్మ కడుపున ఎప్పుడు పడ్డా, బడి రిజిస్టరులో మాత్రం అందరిదీ జూన్ నెలే. ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్ళినప్పుడు తేదీ ఎవరికీ సరిగ్గా గుర్తుండేది కాదు. పెద్ద గాలివాన వచ్చిన ఏడాదని ఒకావిడ, రంజాన్ నెల వెళ్ళిన మూడో రోజని ఇంకొకావిడ చెబితే, హెడ్మాస్టరుగారు తల గోక్కుని బడులు తెరిచే నెలకు సరిపోయేలా ఒక తేదీ వేసేవారు. కాబట్టి మా ఊళ్ళో ఏ పిల్లవాడి వయసైనా కాగితం చూసి తేల్చడమంటే గాలిని మూట కట్టినట్టే.

ఈ చిక్కు అందరికన్నా ఎక్కువగా మా హైస్కూలు పాత ఆటగాళ్ళకు వచ్చిపడింది. మా హైస్కూలుకు మంచి ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఒకప్పుడు ఆ జట్టులో ఆడి, బడి వదిలి బతుకు తెరువులో పడ్డవాళ్ళు ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఆ గ్రౌండుకే చేరేవారు. ఒకాయన ఆర్టీసీలో కండక్టరు, ఒకాయన బట్టల కొట్టులో గుమాస్తా, ఇంకొకాయన హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు చూసుకునేవాడు. వాళ్ళు తలా ఒక చోట చిన్నపిల్లల జట్టును తయారుచేసేవారు. మా వీధికొకటి, కంకిపాడుకొకటి, జంక్షన్‌కొకటి, అలా. ఆ చిన్న జట్లు ఆదివారాలు ఒకదానితో ఒకటి ఆడేవి. వాటిలోంచి ఎదిగినవాళ్ళను డ్రిల్లు మాస్టారు చూసి హైస్కూలు జట్టులోకి తీసుకునేవారు. మరి చిన్న జట్టులో ఎవరు ఆడొచ్చో తేల్చేదెలా? వయసు తేలదు కాబట్టి వాళ్ళు ఎత్తును పట్టుకున్నారు. సైకిలు షెడ్డు స్తంభాలకు రెండు మేకులు కొట్టి, వాటి మీద ఒక వెదురు కర్ర అడ్డంగా పెట్టారు. ఆటకు ముందు ప్రతి పిల్లవాడూ దాని కిందనుంచి నడిచి వెళ్ళాలి. తల తగలకపోతే చిన్న జట్టు. తగిలితే ఆ రోజుతో చిన్న జట్టు రుణం తీరినట్టు.

తగిలినవాణ్ణి ఊరికే పంపేవారు కాదు. కర్ర దింపి నేల మీద పెట్టి, వాడిచేత దాన్ని దాటించి, 'పెద్దోడయ్యాడు' అని పాత ఆటగాళ్ళందరూ చప్పట్లు కొట్టేవారు. చూడటానికి అది పండగలాగే ఉండేది. నాకు మాత్రం ఆ చప్పట్లంటే భయం.

ఎందుకంటే మా వీధి చిన్న జట్టులో నేను దొరని. మా జట్టు వేసిన గోల్స్‌లో సగం నావే. హైస్కూలు జట్టులోకి వెళితే పదో తరగతి వాళ్ళ మధ్య నేను ఎనిమిదో తరగతి పిల్లకాయను. వాళ్ళకు మీసాలు వస్తున్నాయి, వాళ్ళ కాళ్ళకు బూట్లున్నాయి. నన్ను తీసుకోరనే నా నమ్మకం. అదీగాక మా నాన్నగారు ముందే తేల్చి చెప్పారు. "స్కూలు టీములోకి తీసుకుంటే ఆడుకో. లేదంటే ఆ బంతి అటక మీద పడేసి ట్యూషన్‌లో చేరు" అన్నారు. ఆయన మాట అంటే మాటే. అంటే కర్ర నా తలకు తగిలిన రోజున నా ఆట కూడా అయిపోయినట్టే లెక్క.

ఆ వేసవి సెలవుల్లో నేను ఎదిగాను. ఎంత ఆపుకుందామన్నా ఆగేది కాదు కదా. అమ్మ నా నిక్కర్లన్నీ చూసి తాడిచెట్టులా సాగుతున్నావని మురిసిపోతుంటే నాకు ఏడుపు వచ్చేది. గుమ్మం పక్కన గోడ మీద కర్ర ఎత్తును నేను పెన్సిలుతో గీసిపెట్టుకున్నాను. బడి తెరిచేనాటికి ఆ గీతకు నేను రెండు వేళ్ళు పైనున్నాను. నా జుట్టు ఒత్తుగా, రింగులు తిరిగి ఉండేది. అది పోతే ఒక వేలు కలిసొస్తుందని నాకు తట్టింది. వెంటనే వెళ్ళి అమ్మమ్మతో, పరీక్షలు పాసైతే కొండ మీద అమ్మవారికి గుండు చేయించుకుంటానని మొక్కుకున్నానని చెప్పాను. అలాంటి మొక్కేదీ లేదు. అమ్మమ్మ కళ్ళు చెమర్చాయి. మనవడికి ఇంత భక్తి ఉందని వీధంతా చెప్పుకుని, తనే దగ్గరుండి గుండు చేయించి, తలకు గంధం రాసి తీసుకొచ్చింది. ఆ గంధం ఆరకముందే నేను గోడ దగ్గరకు పరిగెత్తాను. ఇంకా ఒక వేలు మిగిలే ఉంది.

ఆ ఒక వేలూ మోకాళ్ళు వంచి తగ్గాలని నిశ్చయించుకున్నాను. మోకాళ్ళు వంగడం కనపడకుండా మా అన్నయ్య పాత నిక్కరు వేసుకున్నాను. అది నా పిక్కల దాకా వచ్చేది. ఆ అవతారంలో గ్రౌండుకు వెళితే మా జట్టు వాళ్ళు గుండు మీద తలా ఒక మొట్టికాయ వేసి, ప్రసాదం ఏదిరా అని అడిగారు.

ఆ ఆదివారం కంకిపాడుతో ఆట. కర్ర పక్కన మా పక్కింటి బాబాయ్ నిలబడి ఉన్నాడు. మా జట్టును తయారుచేసేది ఆయనే. ఆయన సాయిబు, ఆటోలకు సీటు కవర్లు కుట్టేవాడు. ఒకప్పుడు హైస్కూలు జట్టుకు కెప్టెన్. మా బంతి కుట్లు ఊడితే ఆటో సీట్ల దారంతో మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఉపవాసాల నెలలో కూడా మానకుండా వచ్చి, మాకు నీళ్ళు పట్టించి తను మాత్రం పెదవి తడుపుకునేవాడు కాదు. గొంతు మాత్రం పెద్దది. గ్రౌండు ఈ చివరనుంచి అరిస్తే ఆ చివరున్న మా గోల్‌కీపరు ఉలిక్కిపడేవాడు. తప్పు చేసినవాడి తాత ముత్తాతలను కూడా లేపి తిట్టగల మనిషి.

నేను కర్ర కిందికి వెళ్ళాను. మోకాళ్ళు వంచి, మెడ లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నడిచాను. తల తగల్లేదు. అవతలికి వచ్చి చూస్తే బాబాయ్ కళ్ళు నా నిక్కరు మీద ఉన్నాయి. ఇక అరుస్తాడు, వీధంతా వింటుంది, మొక్కు సంగతి అమ్మమ్మ దాకా వెళుతుంది అనుకున్నాను. బాబాయ్ అరవలేదు. నా భుజం మీద చెయ్యివేసి, వంగి, నాకు తప్ప ఇంకెవరికీ వినపడని గొంతుతో అన్నాడు.

"కర్ర కింద ఎంత ఎత్తున్నావో, ఆట అయ్యేదాకా అంతే ఎత్తులో ఆడాలి నాన్నా. లేచావంటే నేనే లోపలికొచ్చి పట్టుకొస్తా."

మొదట నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న శిక్షా అనుకున్నాను. ఆట మొదలైన అయిదు నిమిషాలకు ఆ నవ్వు ఎటుపోయిందో తెలియదు. మోకాళ్ళు వంచి నడవడం ఒక ఎత్తు, పరిగెత్తడం ఇంకొక ఎత్తు. తొడలు మండిపోయాయి. బంతి నా ముందునుంచే పోతోంది, నేను బాతులా దాని వెనకపడి పోతున్నాను. మా గోల్‌కీపరు వెనకనుంచి "కడుపునొప్పా ఏంట్రా?" అని కేకలు. కంకిపాడు పిల్లలు పొలం గట్ల మీద పరిగెత్తి పెరిగినవాళ్ళు, వాళ్ళ కాళ్ళలో అలుపన్నది లేదు. వాళ్ళలో నా నడుము దాకా ఉన్న ఒకడు నా కాళ్ళ మధ్యనుంచి బంతి లాక్కుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఆగి, "కాలికి దెబ్బ తగిలిందా అన్నా?" అని జాలిగా అడిగాడు. వాడు నన్ను అన్నా అన్నాడు. వాడికి నా ఎత్తు కనిపిస్తూనే ఉంది.

చివరికి ఒక కార్నర్ కిక్ వచ్చింది. బంతి పైకి లేచి, నెమ్మదిగా, సరిగ్గా నా వైపే దిగింది. నిటారుగా నిలబడితే చాలు, ఎగరక్కర్లేదు, నుదుటికి తగిలి లోపలికి పోతుంది. నేను గ్రౌండు గీత దగ్గర ఉన్న బాబాయ్ వైపు చూశాను. ఆయన చెయ్యీ ఊపలేదు, తలా ఊపలేదు. పళ్ళు బిగించి చూస్తున్నాడు, ఆ బంతి ఆయనకే వస్తున్నట్టు. నేను లేవలేదు. బంతి నా గుండు మీదనుంచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కాసేపటికే కంకిపాడు వాళ్ళు మాకు గోలు వేశారు.

సగం ఆటకు ఈల వేశాక అందరికీ ఉప్పు అద్దిన నిమ్మకాయ ముక్కలు పంచారు. బాబాయ్ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. అక్కడే పట్టుకుని ఉంటే పోయేది కదా, ఇంతసేపు ఎందుకు ఆడించావని అడిగాను. ఆయన నా తల నిమిరి, గుండు ఉపాయం నేనే కనిపెట్టాననుకుంటే పొరపాటని, ప్రతి జూన్‌లోనూ ఇద్దరు ముగ్గురికి ఇలాగే భక్తి పుట్టుకొస్తుందని చెప్పాడు. ఏడుస్తూనే నవ్వాను.

తర్వాత ఆయన తన సంగతి చెప్పాడు. పదో తరగతిలో ఉండగా ఆయన జట్టుకు కెప్టెన్. ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా కెప్టెన్ సాబ్ అని పిలిచేవారు. పది పాసైతే బడి వదలాలి, జట్టు వదలాలి. ఎలాగైనా ఇంకో ఏడాది అక్కడే ఉండాలని ఆయన ఒక ఆలోచన చేశాడు. లెక్కల పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చాడు. ఫెయిలైతే మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతారని ఆయన నమ్మకం. జూన్‌లో బూట్లు మెడలో వేసుకుని బడికి వెళితే, పది తప్పినవాళ్ళు బయటనుంచి పరీక్ష రాసుకోవాలి, లోపల సీటు ఉండదని హెడ్మాస్టరుగారు చెప్పారట. అదే వేసవిలో గుంటూరులో ఒక కాలేజీ వాళ్ళు ఆయన ఆట చూసి, పది పాసై రా, ఫీజు లేకుండా చేర్చుకుంటామని కబురు పెట్టి ఉన్నారు. అటు కాలేజీ పోయింది, ఇటు జట్టూ పోయింది. ఆ నెలలోనే సీటు కవర్ల పనిలో కూర్చున్నాడు.

"ఉన్నచోట దొరలా ఉండిపోదామనుకున్నాన్రా. ఆ కుర్రాడి మీద నాకింకా కోపం పోలేదు" అన్నాడు. ఆ కుర్రాడెవరో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

రెండో సగం అలాగే వంగి ఆడతానన్నా సరే, లేచి నిలబడతానన్నా సరే, నా ఇష్టమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. నేను నిమ్మకాయ ముక్క చీకడం అయ్యేదాకా కూర్చున్నాను. తర్వాత లేచి, ఎవరూ అడగకుండానే, షెడ్డు ముందుకు వెళ్ళి నిటారుగా నడిచాను. కర్ర నా గుండుకు టక్కున తగిలి కింద పడింది. సగం ఆటలో ఈ కొలత ఏమిటని కండక్టరుగారు తెల్లబోయి చూస్తుంటే, గ్రౌండు ఆ చివరనుంచి బాబాయ్ గొంతు వినిపించింది. "తగిలింది! పెద్దోడయ్యాడు!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ కర్రను దాటాను. ఆటకు ముందు ఆ కర్ర కిందనుంచి ఎలా వెళ్ళానని ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ అడగలేదు.

రెండో సగమంతా నేను బయటే కూర్చున్నాను, ఆ ఆట మేం ఓడిపోయాం. మా జట్టు వాళ్ళు వారం రోజులు నాతో మాట్లాడలేదు. హైస్కూలు జట్టుకు ఎంపిక జరిగిన రోజున డ్రిల్లు మాస్టారు పేర్లు చదువుతుంటే నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ నిలబడ్డాను. అందరికన్నా చివర నా పేరు చదివారు. నాన్నగారు సరేనన్నారు. ఆ ఏడాదంతా నేను ఆడింది రెండే ఆటలు, అవీ చివరి పది నిమిషాలు. ఒక్క గోలూ వెయ్యలేదు. పదో తరగతికి వచ్చేసరికి ముందు వరసనుంచి తీసి వెనక నిలబెట్టారు. గొప్ప ఆటగాణ్ణేమీ కాలేదు. పది మాత్రం పాసయ్యాను, లెక్కల్లో మంచి మార్కులతోనే. ఫలితాలు వచ్చిన రోజున బాబాయ్ నాకన్నా ముందే పేపరు కొని తెచ్చి నా నంబరు వెతికాడు.

ఉద్యోగంలో చేరాక నేను చాలా ఊళ్ళు తిరిగాను. పని బాగా తెలిసి, అందరూ నమస్కారం పెట్టే కుర్చీ వదిలి, ఏమీ తెలియని చోటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా భయపడ్డాను, వెళ్ళాను. అది ఆ రోజు నేర్చుకున్నదే. అయితే వయసు పెరుగుతున్నకొద్దీ నాకు దానికన్నా ఇంకొకటి పెద్దదిగా కనిపిస్తోంది. అంత గొంతున్న మనిషి, పదిమందిలో అరిచే హక్కున్న మనిషి, పన్నెండేళ్ళ పిల్లవాడి దొంగాట కళ్ళారా చూసి, వంగి చెవిలో చెప్పాడు. అక్కడ అరిచి ఉంటే నేను సిగ్గుతో ఇంటికి పోయేవాణ్ణి, మళ్ళీ ఆ గ్రౌండు మొహం చూసేవాణ్ణి కాదు.

ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళ తప్పు పట్టుబడినప్పుడు, ఇంట్లో పిల్లల అబద్ధం బయటపడినప్పుడు, నా గొంతు దానంతటదే కిందికి దిగిపోతుంది. మా ఆవిడకు ఇది వింత. "కోపం వస్తే లోకమంతా అరుస్తుంది, మీరేమిటండీ గుసగుసలాడతారు?" అంటుంది. బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కేకలు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. ఆ ఒక్క మాట అన్న చిన్న గొంతు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, నాకు కోపం వచ్చిన ప్రతిసారీ ముందు అదే మాట్లాడుతుంది.