పాముచెవులాయన పేము కుర్చీ

ఆ వీధిలో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా పైకి విసుక్కున్నా లోలోపల తెగ మురిసిపోయేవాడు. పాత యాంప్లిఫయర్లు బాగుచేయడం ఆయన పని. ఇంటి ముందుగదే దుకాణం. మూత విప్పకముందే ఒక్క పాట విని, జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. పాటంటే చెవి కోసుకునేవాళ్ళంతా ఆప్-యాంపులు పొట్లం కట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆప్-యాంప్ అంటే మరేం కాదు, చిటికెనవేలి గోరంత నల్ల చిప్పు, రెండు పక్కలా కలిపి ఎనిమిది కాళ్ళు. ఎడమ స్పీకరుకొకటి, కుడి స్పీకరుకొకటి ఉంటాయి. ఒకటి పీకి ఇంకొకటి గుచ్చితే పాట రంగు మారుతుందని వాళ్ళ నమ్మకం. ఆయన తన పేము కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇది పొడిగా ఉంది, అది గొంతును ముందుకు తోస్తోంది, ఇంకోటి చెత్తబుట్టకు తప్ప ఎందుకూ పనికిరాదు అని తీర్పు చెప్పేవాడు. ఆ మాటకిక తిరుగుండేది కాదు. ఆ కుర్చీలో మరొకర్ని కూర్చోనిచ్చేవాడూ కాదు.

అలాంటి మనిషికి ఈ ఏడాది ఏం పొయ్యేకాలమో, బాగుచేసి పంపిన సెట్లన్నీ తిరిగి రావడం మొదలుపెట్టాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు. రెండు స్పీకర్ల నడుమ నుంచి రావలసిన గొంతు ఎడమవైపు గోడలోంచి వస్తోందట. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. బజారునిండా నకిలీ చిప్పులే, ఎడమవైపు చిప్పు సరైనది దొరక్క ఈ గోలంతా అని అందరినీ తిట్టిపోశాడు. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకుందాం అని భార్య నెమ్మదిగా అంటే, ఆ పూట అన్నం మానేశాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కిటికీలోంచి చలిగాలి కొడుతోందని చెప్పి, భోజనాల బల్ల దగ్గర తన కుర్చీని మాత్రం ఆయనకు కుడివైపుకు మార్చుకుంది.

చివరికి సంగీతం మాస్టారి సెట్టు కూడా తిరిగొచ్చింది, అదీ రెండోసారి. మాస్టారు పెద్దమనిషి, గొంతు పెంచడు. సాయంత్రం వచ్చి వింటానని, ఈసారీ కుదరకపోతే ఇంకెక్కడైనా చూసుకుంటానని మెత్తగానే చెప్పి వెళ్ళాడు. మాస్టారే చెయ్యి వదిలేస్తే ఇక ఈ గడప ఎవడు తొక్కుతాడు? చెవి పోయిందట అని వీధంతా చెప్పుకుంటుంటే ఎలా బతకడం? ఆయనకు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా సహించలేదు. ఉన్న చిప్పులన్నీ బల్లమీద పరిచి, ఎడమవైపు సాకెట్టులో ఒక్కొక్కటే మార్చమని భార్యను కూర్చోబెట్టాడు. ఏది పెడుతోందో తనకు చెప్పకూడదు, చెవే చెప్పాలి. కరెంటు మీట కుర్చీ పక్కనే ఉంది. ఆయన ఆపుతాడు, ఎడమపక్క బల్ల దగ్గర ఆవిడ మారుస్తుంది, ఆయన మళ్ళీ వేస్తాడు.

మధ్యాహ్నం దాటింది. ఒకే పాట, అదే చరణం. ప్రతి చిప్పుకూ ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అన్నీ బురదే. నుదుటిమీద చెమట పట్టింది. దేవుడా, ఒక్కటి, ఒక్కటి కుదిర్చిపెట్టు అని గొణుక్కుంటున్నాడు. చివరికి మిగిలిన చిప్పు పట్టకారులోంచి జారి కిందపడింది. ఆగండి, పడిపోయింది అంటూ ఆవిడ బల్లకింద వెతకబోయింది. ఆయన ఆగలేదు. మీట వేసేశాడు.

పాట మొదలైంది. ఆయన ముఖం విప్పారింది.

"ఇదే! తెర తీసేసినట్టుంది. నేను చెప్పలా, లోపం చిప్పుల్లోనే ఉందని?"

బల్లకింద మోకాళ్ళమీద ఉన్న ఆవిడ తలెత్తి చూసింది. ఎడమ స్పీకరు కిక్కురుమనడం లేదు. పాటంతా కుడివైపు నుంచే వస్తోంది. ఎన్నాళ్ళకో నవ్విన మనిషిని చూస్తూ ఎలా చెప్పాలో ఆవిడకు తోచలేదు.

ఆయన పాట ఆపి, ఆ మహత్తర చిప్పు ఏదో చూద్దామని లేచి రెండడుగులు వేశాడు. అబ్బా అంటూ కాలెత్తాడు. అరికాల్లో ఎనిమిది కాళ్ళూ దిగబడి ఉన్నాయి. దాన్ని పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. బల్లమీది ఖాళీ సాకెట్టును చూశాడు. భార్యను చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది.

ఆయన చిప్పును అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఆయనే అడిగాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

ఆవిడ లేచి కుడివైపుకు వచ్చి నిలబడింది. "మీరు కుడి పక్కకి తిరిగి పడుకుంటే, ఎంత పిలిచినా పలకరు."

చలిగాలి సంగతి ఆయనకు అప్పుడు అర్థమైంది. ఏడుపు ముంచుకొచ్చింది. నలుగురూ కాళ్ళమీద పడి అడిగినా ఒప్పుకోకూడదనుకున్న మాట ఒక చిప్పు చేత చెప్పించుకోవలసి వచ్చిందే అని కుమిలిపోయాడు. బయట గేటు చప్పుడైందని, మాస్టారు వస్తున్నారని ఆవిడ చెప్పింది. ఆయనకు ఏ చప్పుడూ వినబడలేదు.

చిప్పు కాళ్ళు సరిచేసి సాకెట్టులో గుచ్చాడు. రెండు స్పీకర్లకూ శబ్దం సమంగా పంచే చిన్న మర సెట్టు లోపలే ఉంటుంది. ఎడమ చెవికి సరిగా వినబడక, ఏడాదిగా దాన్ని ఎడమవైపుకే తిప్పేస్తున్నాడు. ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకుని పేము కుర్చీ చూపించాడు.

"నువ్వు కూర్చో. గొంతు నడుమకి వచ్చాక చెప్పు."

ఆవిడ భయంభయంగా కుర్చీ అంచున కూర్చుంది. పాట వచ్చింది. ఇంకా ఎడమవైపే ఉందంది. ఆయన మరను కొంచెం కుడికి తిప్పాడు. ఇంకా అంది. తిప్పాడు. ఇంకా అంది. ఆవిడ ముఖంకేసి చూస్తూ తిప్పుతూనే ఉన్నాడు. గుమ్మంలో మాస్టారు చెప్పులు విప్పుకుంటున్నాడు.

"ఇంకానా?" అని అడిగాడాయన.

"ఇంకా," అంది ఆవిడ ఏడుస్తూ.