బావగారి చలికాలం ఆయిలు

మా అక్కను చేసుకున్న బావగారు ఇంజన్‌లో ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ పుల్ల లాగి, దానికంటిన ఆయిలును రెండు వేళ్ల మధ్య రుద్ది చూడనిదే కారు తీసేవారు కాదు. తిరువూరు చలికి స్వెట్టర్లు కూడా పట్టుమని పదిరోజులు బయటికి రావు.

"మనకి మంచేం పడదు సార్, బండి బుక్కులో రాసిన ఆయిలే పోద్దాం," అన్నాడు ఆయిలు మార్చే మెకానిక్.

"నీకు తెలీదు భాయ్. పల్చటిదైతే ఎంత చలిలోనైనా ఇంజన్ వేడెక్కేదాకా ఆగక్కర్లేదు, ఎక్కి పోవడమే," అని బావగారు మంచుదేశాల్లో వాడే ఆయిలు పోయించారు.

డిసెంబరులో ఒక పొద్దున అమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. బావగారు బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, ఆయిలు రుద్దడం మొదలుపెట్టారు. మేము అమ్మను ఆటోలో ఆసుపత్రికి చేర్చాం.

అరగంటకు ఆయన వచ్చి, "ఒక్కసారికే స్టార్టయింది అత్తయ్యా!" అన్నారు.

అమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి నాతో అంది: "ఇంటికి కూడా ఆటోలోనే పోదాం."